అమ్మ ఏరిపెట్టిన ఆల్చిప్పలు

నేను ఎమ్మెస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉన్నప్పటి మాట. మాది పులివెందుల దగ్గర పల్లె. మా అమ్మ ఏనాడూ సముద్రం చూడలేదు. ప్రాజెక్టు కోసం ఆరు నెలలు తీరమంతా తిరిగి ఏరిన ఆల్చిప్పలను జాతుల వారీగా నలభై అగ్గిపెట్టెల్లో సర్ది ఇంటికి తెచ్చాను. ఒకే జాతిలో పెద్దవీ పిల్లవీ ఉంటాయి కాబట్టి ఒక్కో పెట్టెలో అన్ని సైజులూ ఉన్నాయి. కందిబద్దంత కూడా లేని చిప్పలను లెన్సు కింద గుర్తుపట్టడానికే నాకు నెల పట్టింది. వారంలో వైవా. అక్కడ ఇవన్నీ చూపించాలి.

ప్రొద్దుటూరులో రిపోర్టు బైండింగుకు ఇచ్చి వచ్చేసరికి పెట్టెలన్నీ ఖాళీ. అమ్మ చేట ముందేసుకుని, విత్తనం శనక్కాయలు ఏరినట్టు పెద్దవి ఒక కుప్ప, నడిమివి ఒక కుప్ప పోసింది.

“ఏందిమా ఇది?”

“అన్నీ కలిసిపోయుండాయి గదా పాపా. పొద్దున్నించి ఏరతాండా. నీకు పని తప్పింది.”

“సన్నవి యాడ?”

“అయి తాలు గదా! కోళ్లకేసినా. గుడ్డు పెంకు గట్టిపడతాది.”

పెరట్లోకి పరుగెత్తాను. ఆఖరి చిప్పను ఎర్రపెట్ట నా కళ్లముందే మింగేసి, ఇంకా ఉన్నాయా అన్నట్టు నా చేతుల వైపు చూసింది.

“బాగ ఏరినానా పాపా?” అంటూ అమ్మ వెనకే వచ్చింది. ఆమె వేళ్లన్నీ గీసుకుపోయి ఉన్నాయి.

“శానా బాగ ఏరినావుమా” అన్నాను.

ఆ ఏడు నా వైవా జరగలేదు. ఇప్పుడు జమ్మలమడుగులో పాఠాలు చెబుతున్నాను. సైజు చూసి జాతిని తేల్చకూడదని చెప్పేటప్పుడు పిల్లలకు ఆ రెండు కుప్పలే చూపిస్తాను.