ఒళ్లు విరుచుకున్న పైకప్పు

ఆర్కిటెక్చర్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలు ఆమెకు చాటుగా పెట్టుకున్న పేరు ఆకుల టీచర్. ఆమె సంచిలో స్కేళ్లకన్నా ఎండుటాకులు, నత్తగుల్లలే ఎక్కువ. నేర్పేది మాత్రం కంప్యూటర్ మీద: ఒక్క కొలత మారిస్తే మిగతావన్నీ వాటంతటవే మారేలా భవనాన్ని గీయడం.

ఆ మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. వెనక బల్ల దగ్గర ఒకమ్మాయి చేతులు కట్టుకుని కూర్చుంది.

"నా వల్ల కాదు మేడమ్. లెక్కలంటేనే గుండె దడ. వేరే కోర్సులో చేరిపోతా."

టీచర్ కిటికీలోని కుండీ నుంచి ఈకలా ఉన్న ఫెర్న్ ఆకు తుంచి ఆమె చేతిలో పెట్టింది.

"చేరుదువుగానిలే తల్లీ. ముందు ఇదెలా పెరిగిందో చెప్పు."

అమ్మాయి దాన్ని వేలితో తడుముతూ చాలాసేపు చూసింది. "ప్రతి రెక్కా కిందిదానికన్నా కాస్త చిన్నది. కాస్త పక్కకి తిరిగింది. అంతేగా?"

"అంతే. ఆ మాటే కంప్యూటర్‌కి చెబుదాం."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. తెర మీద ఒక దూలం మొలిచింది, దాని పక్కన ఇంకాస్త చిన్నది, ఆ పక్కన మరొకటి, అలా వరసగా ఒక పైకప్పు అయ్యేదాకా. అమ్మాయి ఒక అంకెను మెల్లగా పెంచింది. పైకప్పంతా నిద్రలేచి ఒళ్లు విరుచుకున్నట్టు విప్పారింది. తగ్గిస్తే ముడుచుకుంది. తోటివాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడ్డారు. ఆ వాన చప్పుడులో కప్పు ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది.

వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి, "రేపు ఈనెలు కూడా గీద్దామా మేడమ్?" అంది.

ఇంటికొచ్చి టీచర్ ఇదంతా చెబితే అత్తగారు ఓపిగ్గా విన్నది.

"బానే ఉందమ్మా. మన వంటింటి కప్పు కారుతోంది, ఆ పిల్లని ఓసారి రమ్మను."

టీచర్ పకపకా నవ్వి, చినుకుల కింద గిన్నె పెట్టింది. నీళ్లలో విచ్చుకుంటున్న వలయాలను చూస్తూ అక్కడే కూర్చుండిపోయింది.