మా ఆయన మరదలు చూపించిన దీవి

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మనవరాలు ఫోను పట్టుకొచ్చి, వాళ్ల కాలేజీ పిల్లలు వెళ్లొచ్చిన దీవి అంటూ ఒక వీడియో చూపించింది. నీలం నీళ్లు, నాలుగు కొబ్బరిచెట్లు, వాటి కింద ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డ నల్లటి రాతి స్తంభాలు. "ఎంత బాగుందో సూడవ్వా" అంది. బాగుంది, ఎందుకు బాగుండదు! కానీ ఆ రాళ్లు కంటబడితే నాకు ఈ వయసులో కూడా కడుపు మండుతుంది. నలభై ఏళ్లు దాటింది ఆ దీవిలో నేను కాలు పెట్టి. ఆ రోజు ఏం చూశానని ఎవరైనా అడిగితే, రాళ్ల సంగతి సగమే చెప్పగలను. మిగతా సగమంతా మా ఆయన మొహమే చూస్తూ గడిపాను.

ఆ దీవికి మమ్మల్ని తీసుకెళ్లింది మా ఆయన మేనమామ కూతురు. ఉడుపి దగ్గర ఒక కాలేజీలో రాళ్ల గురించీ భూమి లోపలి సంగతుల గురించీ పాఠాలు చెప్పేది. మా వైపు మేనమామ కూతురంటే ఊరికే వరసకు మరదలు కాదు, ఉయ్యాల్లో ఉండగానే ఖాయమైపోయిన పెళ్లాం. అలాంటి పిల్లను కాదని మా ఆయన చిత్తూరు వచ్చి నన్ను చేసుకున్నాడని మా చుట్టాల్లో పెద్ద కథ. ఆ కథంటే మా అత్తగారికి ఎంత కోపమో నాకంత గర్వం. చారులో ఉప్పు తగ్గినా ఎక్కువైనా, "బంగారట్లా మా తమ్ముని బిడ్డను కాదని ఈమెను తెచ్చుకున్నాడు నా కొడుకు" అనేది. నేను పల్లెత్తు మాట అనేదాన్ని కాదు. ఆవిడ ఎంత సాధించినా అందులో 'కాదని' అనే మాట ఉంది కదా, నాకది చాలు. తిరుపతిలో అద్దె ఇంట్లో, నీళ్లకు కుళాయి దగ్గర కొట్లాడుకుంటూ, ఆ ఒక్క మాట మీద హాయిగా కాపురం చేశాను.

పెళ్లయిన ఐదారేళ్లకు, డెబ్బైల చివర్లో, ఉడుపి కృష్ణుణ్ణి చూద్దామని బయలుదేరాం. దర్శనమయ్యాక మరదలింట్లో దిగాం. మరునాడు కాలేజీ వాళ్లను నలుగుర్ని ఆ దీవికి తీసుకెళ్తోందట, మమ్మల్నీ రమ్మంది. నేను తెల్లవారే లేచి పులిహోర కలిపాను. మా ఆయన అంతకంటే ముందే లేచి తలకు నూనె రాసుకుని, దువ్వుకుని కూర్చున్నాడు. తిరుపతిలో నా చేతిలోని కూరగాయల సంచీ ఏనాడూ అందుకోని మనిషి, మల్పె రేవులో చేపల పడవ ఎక్కేటప్పుడు ఆమె సుత్తీ, బరువైన సంచీ రెండూ తీసుకుని భుజాన వేసుకున్నాడు. దీవి దగ్గర మోకాలిలోతు నీళ్లలో దిగాలి. ముందు తను దూకి ఆమెకు చెయ్యి అందించాడు. నాకు మాత్రం "పదిలంగా దిగు మే, పులిహోర తడిసిపోతాది" అన్నాడు.

ఆ స్తంభాలు చూస్తే నిజంగా ఒళ్లు జలదరించింది. నిలువెత్తు నల్లరాళ్లు, ఒక్కోటి ఆరేసి పలకలతో, ఉలితో చెక్కినంత తీరుగా నిలబడి ఉన్నాయి. కొన్ని సగానికి విరిగి సముద్రంలోకి వాలాయి. వాటి మీద అల పగిలి తెల్లగా పైకి లేస్తోంది. మండపాలూ గాలిగోపురాలూ చూస్తూ పెరిగినదాన్ని, నాకు తట్టిందే అన్నాను. "ఇది ఏ రాజు కట్టించిన గుడి? ఎట్ల కూలిపోయిందో పాపం!" కాలేజీ వాళ్లు నవ్వారు. అది పర్వాలేదు. మా ఆయన కూడా నవ్వాడు. ఆమె ఒక్కతే నవ్వలేదు. అదింకా ఒళ్లు మండించింది. "గుడి కాదక్కా, ఇదంతా ఒకప్పుడు నిప్పు. నేల లోపల్నుంచి కాగే పాకం మాదిరి పొంగి వచ్చి, ఈడ చల్లారి గట్టిపడింది. ఎండాకాలం చెరువు అడుగున మన్ను బీటలు తీస్తాది సూడు, అట్ల పగిలింది" అని చెప్పింది. అందరికీ అర్థమయ్యేలా ఎంత ఓపిగ్గా చెప్పిందో! మా ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. నేను పక్కింటి సంగతులు చెబితే పేపరు అడ్డం పెట్టుకునే ఆయనే.

పులిహోర తిన్నాక మగవాళ్లు దీవి అవతలి కొసకు వెళ్లారు. కొబ్బరిచెట్టు నీడలో ఆమే నేనూ మిగిలాం. ఉండబట్టలేక, కాస్త పొగరుగానే, "మా ఆయన నిన్ను కాదన్నాడని మీ నాయనకు ఇంకా కోపమేనా?" అన్నాను.

ఆమె ఒక గవ్వ ఏరి ఇసుక దులుపుతూ, "బావ కాదనలేదక్కా" అంది. "నేనే వద్దన్నా. నన్ను అడిగేదానికి బావ రెండుమార్లు మా ఇంటికి వచ్చినాడు. నాకు చదువుకోవాలని ఉండాది, నేను కాదన్నానని తెలిస్తే మా నాయన చదువు మాన్పించి ఇంట్లో కూచోబెడతాడు, నువ్వే వద్దన్నావని చెప్పు బావా అని ఏడ్చినా. సరే అన్నాడు. నీకు చెప్పే ఉంటాడనుకున్నా."

నాకు చెప్పలేదు. మామ తిట్లు, అమ్మ ఏడుపులు అన్నీ ఆ మనిషి నోరెత్తకుండా పడ్డాడు, ఈమె కోసం. ఆయన జీవితంలో చేసిన పెద్ద త్యాగం ఏదైనా ఉంటే అదొక్కటే, అందులో నాకు వాటా లేదు. పైగా దానికి ఇన్నేళ్లూ అత్తగారి చేత మాటలు పడింది నేను. ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే ఆమె చేసిన తప్పేమీ కనబడలేదు. తప్పు లేని మనిషి మీద అసూయపడటమంత నరకం ఇంకోటి లేదు.

తిరుగు పడవలో ఆయన పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "మీరు రెండుమార్లు పోయి అడిగినారంట గదా?"

ఆయన సముద్రం వైపు చూస్తూ, "చెప్పేసిందా? పాపం, దానికి చదువంటే చానా ఆశ" అన్నాడు.

"మరి నన్నెందుకు చేసుకున్నారు?"

ఆయన నా వైపు తిరిగాడు. ఏదో చెప్పబోయాడు కూడా. అంతలో పడవ ఒక పక్కకు ఒరిగింది, ఆయన తిన్న నా పులిహోర మొత్తం వాంతై సముద్రం పాలైంది. ఆమె మంచినీళ్ల చెంబుతో లేచింది. "నువ్వు కూచోమ్మా, నేనుండా" అని చెంబు లాక్కుని, ఆయన నుదురు నేనే పట్టుకున్నాను. ఒడ్డు చేరేదాకా వదల్లేదు. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. అడిగితే నిజం చెబుతాడని భయం.

తర్వాత పిల్లలు, వాళ్ల చదువులు, పెళ్లిళ్లు. ప్రతి శుభకార్యానికీ ఆమె వచ్చేది, "బావా" అంటూ గడప దాటేది. నేను నవ్వుతూ కాళ్లకు నీళ్లిచ్చేదాన్ని, లోపల కుళ్లుకునేదాన్ని. ఆమె పోయిందని కబురొచ్చిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. నేను దానికీ కుళ్లుకున్నాను.

మొన్న వీడియో చూపించి మనవరాలు లోపలికి వెళ్లాక, పక్కనే కూర్చుని అదంతా చూసిన ఆయన నా వైపు తిరిగాడు. ఈ మధ్య ఆయనకు మనుషులు గుర్తుండటం లేదు. "ఆడికి మనం పోయినాము గదా?" అన్నాడు. అవునన్నాను. "రాళ్ల గురించి ఒక పిల్ల చెప్పింది. బాగా చెప్పింది. ఎవురామె?"

చెప్పొచ్చు. ఒక్క మాట. నోటిదాకా వచ్చింది.

"ఎవరో గైడులెండి" అన్నాను.

"గైడా... అవునవును" అని తలూపి, తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. గెలిచానని ఒక్క క్షణం సంతోషపడ్డాను. ఇన్నేళ్లు నేను ఎంత కుళ్లుకున్నా ఆయన మనసులోంచి కదలని మనిషిని కాలం చడీచప్పుడు లేకుండా తీసుకుపోయింది; ఆయన జ్ఞాపకాల్లోంచి ఆ దారిన తరువాత పోవాల్సింది నేనే గదా అని అప్పుడు తట్టి, ఆయన చెయ్యి పట్టుకున్నాను.