నూతిలో వేసిన మందు

అనుమానం నాకు ఉద్యోగంతో వచ్చింది కాదు, పుట్టుకతోనే ఉంది. మునిసిపాలిటీ వాళ్లు దానికి నెలజీతం ఇచ్చారంతే. విశాఖపట్నంలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేరిన కొత్తలో, తగరపువలస నుంచి వచ్చే పాలవాడు నవ్వుతూ నమస్కారం పెడితే క్యానులో నీళ్లు కలిశాయనుకునేవాణ్ణి. నవ్వకపోతే మరిన్ని కలిశాయనుకునేవాణ్ణి. హోటలువాడు పిలిచి కాఫీ ఇస్తే ముందు వంటింటి వెనక్కి వెళ్లి చూసొచ్చి, ఆ తర్వాతే తాగేవాణ్ణి, అదీ సగమే. నా ముక్కు మీది కోపం చూసి వీధుల్లో పిల్లలు నాకేదో పేరు పెట్టుకున్నారట. అదేమిటో నాకు తెలియకుండా దాచడంలో నా కింద పనిచేసే మజ్దూరు చాలా జాగ్రత్తపడేవాడు.

అప్పుడు మేముండే వీధి రేవు వెనకాల, గెడ్డకి, అంటే అక్కడి వాగుకి, ఇవతల. ఖనిజం దుమ్ము రోజూ వచ్చి వాలేది. పొద్దున ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి కాషాయం కట్టేది. వీధిలో ఎక్కువమంది సబ్బవరం, ఎలమంచిలి వైపు పల్లెల నుంచి రేవులో కూలికి వచ్చి స్థిరపడ్డవాళ్లు. మాలాగా గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్లవి ఒకటి రెండిళ్లు. అందరికీ కలిపి ఒకటే నుయ్యి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది వానాకాలంలో ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఏటా ఉండేదే. అలాంటప్పుడు మేం చెయ్యవలసిన పని కూడా ఏటా ఒకటే: నూతుల్లో బ్లీచింగ్ పొడి కలపడం. పొడిని బకెట్లో వేసి నీళ్లు పోసి జారుగా కలుపుతాం. కాసేపు వదిలేస్తే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లని ఇంకో బకెట్లోకి వంచి, తాడు కట్టి నూతిలోకి దించి, పైకీ కిందకీ ఆడిస్తాం. అడుగున మిగిలిన సున్నపు మడ్డిని గోతిలో పోసి మట్టి కప్పేస్తాం. ఆ తర్వాత అరగంటసేపు ఎవరూ నీళ్లు తోడకూడదు. ఈ పని ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు, ఎప్పుడూ ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడు మాత్రం బకెట్టు దించేసరికి చుట్టూ జనం మూగి నిలబడ్డారు. మడ్డిని గోతిలో పోస్తుంటే అందరి కళ్లూ గోతి మీదే.

రెండు రోజుల తర్వాత మా మజ్దూరు వచ్చి చెవిలో వేశాడు.

"బాబూ, నుయ్యి కాడికి తాగునీల్లకి ఎవులూ రాటం నేదు. బట్టలుతకడానికి తోడతన్నారు గానీ నోట్లో ఎయ్యటం నేదు."

"ఎందుకట?"

"ఏటేటో అంతన్నారు బాబూ. ఆ పొడి కడుపులు పోడానికంట. మొన్నటిదాకా మగోళ్లని వట్టుకుపోయి ఆపరేషన్లు సేసినారు, ఇప్పుడు నూతిలో ఏసేత్తన్నారు అంతన్నారు. పనికొచ్చింది నీల్లలో కలిపేసి, గుర్తు దొరక్కుండా మిగిలింది గోతిలో కప్పెట్టేత్తన్నారంట."

నాకు ఒళ్లు మండిపోయింది. తాగడానికి వాళ్లేం చేస్తున్నారయ్యా అంటే, గెడ్డ ఒడ్డున ఇసకలో చెలమలు తవ్వుకుని ఆ నీళ్లు తోడుకుంటున్నారట. ఆ గెడ్డలో పైనున్న వీధుల మురుగంతా కలుస్తుంది. రోగం ఎక్కడుందో అక్కడికే బిందెలు పట్టుకుని వరసకట్టి వెళుతున్నారన్నమాట.

ఈ పుకారు ఎవరు పుట్టించారా అని నేను దర్యాప్తు మొదలుపెట్టాను. నాకు మొదట అనుమానం వచ్చింది వీధి చివర ఆరెంపీ డాక్టరు మీద. జనానికి విరేచనాలైతే లాభపడేది ఆయనే కదా. టీకొట్టు బల్ల మీద కూర్చుని, పేపరు అడ్డం పెట్టుకుని ఆయన గుమ్మం వైపు రోజూ చూసేవాణ్ణి. చివరికి ఒకనాడు ఆయనే తిన్నగా నా దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, "మా పెరట్లో నూతికి కూడా కాస్త పొడి ఇప్పిస్తారా సార్, ఎవరికీ తెలియకుండా" అన్నాడు. అనుమానించడానికి నాకు మనిషి మిగల్లేదు.

ఆ వారంలోనే మా ఎదురింటి ముసలమ్మ కోడలు వాంతులు, విరేచనాలతో పడింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, అయిదో నెల. కబురు వినగానే వెళ్లి చూశాను. చాప మీద పడి ఉంది. కళ్లు లోపలికి పోయాయి, వేళ్లు ముడతలు పడిపోయాయి. ఇక ఎంతోసేపు ఆగడానికి లేదని నాకు తెలుసు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళదాం, రిక్షా పిలిపిస్తానన్నాను. ముసలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కొడుకు రేవులో డ్యూటీకి పోయి ఉన్నాడు.

"ఆసుపత్రీ మీదే, పొడీ మీదే. నాకున్నది ఒక్క కొడుకు బాబూ. దీని కడుపులో ఉన్నది ఒక్క కాయ. తీసుకొచ్చి మీ సేతిలో ఎట్టమంతారేటి?"

"నూతిలో వేసింది మీ మంచికేనమ్మా. ఆ నీళ్లు తాగి ఉంటే ఈ పిల్లకి ఇలా అయ్యేది కాదు."

"మంచిదైతే మీ అమ్మగోరు ఎందుకు తాగరు?" అంది ముసలమ్మ. "ఆరూ కడుపుతోనే ఉన్నారు కదా. పొద్దుటే కొండకింద నూతి కాణ్ణించి బిందె మోయించుకుంతన్నారు. నా కల్లతో నాను సూత్తన్నాను. వీదంతా సూత్తన్నాది."

గబగబా ఇంటికి వచ్చి మా ఆవిణ్ణి అడిగాను. అప్పుడు ఆమెకి ఆరో నెల.

"పప్పు ఉడకట్లేదండీ" అంది ఆమె, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "ఈ నూతి నీళ్లు ఉప్పు. ఎంతసేపు కాగినా కందిపప్పు పలుకు పలుకుగానే ఉంటోంది. అందుకని నీళ్లు మోసే అమ్మి చేత రోజూ ఓ బిందె తెప్పిస్తున్నాను."

"మరి తాగడానికి?"

"పప్పుకి చెంబెడు చాలు కదా. మిగిలినవి తాగుతున్నాం. మీరూ అవే తాగుతున్నారు."

ఊళ్లో ప్రతి క్యాను మూతా ఎత్తి వాసన చూసేవాణ్ణి, మా ఇంట్లో కూజా వైపు ఒక్కనాడు చూడలేదు. ఆ క్షణంలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తోచలేదు. "పద, అందరి ముందూ ఆ నూతి నీళ్లు తాగాలి. లేకపోతే ఎదురింటి పిల్ల దక్కదు" అన్నాను.

ఆమె చెయ్యి కడుపు మీదికి వెళ్లింది. "నిజంగా ఏమీ కాదుగా?"

"నేను నా చేత్తో కలిపింది."

"కలపడం మీరే కలిపారు. ఆ బస్తా ఎక్కణ్ణించి వచ్చింది?"

ఆఫీసు నుంచి అన్నాను. ఇంకేం చెప్పను? ఆమె ఇంకేమీ అడక్కుండా కొంగు నడుముకి దోపుకుని బయల్దేరింది.

మేం వెళ్లేసరికి సంగతి పాకి వీధంతా నూతి చుట్టూ ఉంది. రిక్షా మలుపులో సిద్ధంగా నిలబెట్టాను. మా ఆవిడ చేద వేసి తోడి, గ్లాసులో పోసుకుని పైకెత్తింది. సరిగ్గా అప్పుడే మా మజ్దూరు నా పక్కకి వచ్చి, "బాబూ, ఇయ్యాల్టి మందు ఇప్పుడే ఏసినాను" అన్నాడు.

"ఆగు!" అని అరిచాను.

ఆ మాటతో జనంలో కలకలం రేగింది. "సూసినారా, సూసినారా" అని ఒకావిడ గుండెలు బాదుకుంది. మందు వేశాక అరగంట ఆగాలి, అది రూలు, ఎప్పుడైనా ఎవరికైనా అంతే అని గొంతు చించుకుని చెప్పాను. ఎవరు వింటారు? ముసలమ్మ మాత్రం నూతి గట్టు మీద కూలబడి, "సరే, అరగంటా ఇక్కడే కూకుంతాను" అంది. ఈలోపు పిల్లని రిక్షా ఎక్కిద్దామని బతిమాలాను. ఆవిడ కదల్లేదు, తను లేచేదాకా ఎవరూ తన గడప తొక్కకూడదంది. ఇంట్లో చాప మీద ఆ పిల్ల మూలుగు నూతి దాకా వినపడుతోంది.

గడువు అయ్యాక మా ఆవిడ మళ్లీ గ్లాసు నింపుకుంది. అంతమంది మగవాళ్ల ముందు మొహమెత్తి తాగడం ఆమె ఎరగదు. పైట చెంగు అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి, ఎత్తి పోసుకుంది. ఇటు తిరిగేసరికి గ్లాసు ఖాళీ. పైట తడిసి ఉంది. కొంగుతో మూతి తుడుచుకుని, నా వైపు చూడకుండా ఇంటికి నడిచింది.

ముసలమ్మ లేచింది. "తీసుకెల్లండి బాబూ" అంది.

ఆ పిల్ల బతికింది. కడుపు నిలవలేదు. ఇంకాస్త ముందు తేవలసింది అన్నాడు డాక్టరు, ఎవరినీ ఉద్దేశించకుండా. వీధి మాత్రం మరునాటి నుంచి నూతి నీళ్లే తాగింది, ఆ వానాకాలంలో మా వీధిలో ఇంకెవరూ మంచం పట్టలేదు. పై అధికారి నా భుజం తట్టి మెచ్చుకున్నాడు. ఆయన ఎందుకు మెచ్చుకుంటున్నాడా అని ఆయన్నీ అనుమానించాను.

చలికాలంలో మాకు ఆడపిల్ల పుట్టింది. ముసలమ్మ చూడటానికి వచ్చింది. ఆవిడ తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. అవేవీ చెయ్యలేదు. పిల్లని ఒళ్లోకి తీసుకుని, చేతులూ కాళ్లూ, చెవులూ, అన్నీ నిమ్మళంగా తడిమి చూసింది. ఏ లోపమూ లేదని తేలాక జాగ్రత్తగా పక్కలో పడుకోబెట్టింది. నేను వీధి అరుగు దాకా సాగనంపడానికి వెళ్లాను. మెట్టు దిగుతూ ఆగి, చాలా మెల్లగా, ఏ కోపమూ లేకుండా అంది.

"అమ్మగోరు గోడ దిక్కు తిరిగినారు బాబూ. నోట్లో పోసుకోటం సూసినాను. మింగటం నాను సూడనేదు."

గ్లాసు పైకెత్తిన ఆ కాస్సేపూ నేను ముసలమ్మ మొహం చూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ మింగిందో లేదో నేనూ చూడలేదు. మా అమ్మాయికి ఇప్పుడు పిల్లలున్నారు. ఆ మాట నేను మా ఆవిణ్ణి ఇంతవరకూ అడగలేదు, ఇకముందు కూడా అడిగే ధైర్యం నాకు లేదు.