ఎటెల్కా ముక్కు

ఎగెర్ కొండ కింది నేలమాళిగలో 'ఎద్దునెత్తురు' వైన్‌కి ఏ ద్రాక్షరసం ఎంత కలపాలో ముప్పయ్యేళ్లుగా ఎటెల్కా ముక్కే చెప్పేది. రెండేళ్ల కిందట జ్వరమొచ్చి ఆ ముక్కు కాస్తా చచ్చిపోయింది. సంగతి తెలిసింది చేతికింది యోలాన్‌కొక్కదానికే. బాగుంటే యోలాన్ కనుబొమ్మ ఎగరేసేది, ఎటెల్కా సరేననేది. అలా కొలువు నిలబడింది.

కోత ముగిసిననాడు యజమాని గాష్పార్ అందరిముందూ గ్లాసు అందించాడు. ఎటెల్కా వాసన చూసింది. యోలాన్ కనుబొమ్మ ఎగిరింది.

"ఇంత మంచిది నా చేతిమీదుగా ఎప్పుడూ రాలేదు దొరా!"

"బూజుపట్టిన పీపాలోదే ముసల్దానా! యోలాన్ చెప్తే నేనే నమ్మలేదు."

మాళిగంతా గొల్లున నవ్వింది. పీపాల్లోంచి వైన్ తీసే గాజుగొట్టాన్ని యోలాన్ ఎటెల్కా చేతిలోంచి మెల్లగా లాక్కుంది.

"మెట్లు తడిగా ఉన్నాయక్కా, చూసి ఎక్కు."