ఏ పార్టీ చట్టం, నాయినా?

ఈమధ్య ముత్తంగి దగ్గర రింగురోడ్డు వంతెన కింద బస్సు కోసం నిలబడి ఉంటే, ఎవరో ఇద్దరు స్తంభానికి ట్యూషన్ సెంటరు పోస్టర్లు అంటిస్తున్నారు. బకెట్‌లో ఉడికించిన మైదా జిగురు, దానికి పురుగు పట్టకుండా కలిపిన మైలుతుత్తం, రెండూ కలిసిన ఆ పుల్లటి వాసన ముక్కుకు తగలగానే నేను వచ్చిన పనే మరిచిపోయాను. రెండు బస్సులు పోయాయి. పోతే పోనీ! నాకు ఆ వాసనంటే ఎలక్షన్లు, ఎలక్షన్లంటే మా తాత, మా తాతంటే పొద్దు గూకగానే మా ఇంటి పంచలో లేచే ఆ మహా రభస.

మాది పటాన్‌చెరు నుంచి జిన్నారం పోయే దారిలో ఓ ఊరు. నేను చెప్పేది ఎనభైల నడుమ సంగతి. రోడ్డుకు ఒకపక్క మా జొన్నచేలు, ఇంకోపక్క రోజురోజుకూ లేస్తున్న ఫ్యాక్టరీ గోడలు. వానాకాలం సాయంత్రాల్లో కాల్చిన మక్కకంకుల వాసన, చలికాలం పొద్దున్నే మంచుతో కలిసి వచ్చే మందుల కంపెనీల వాసన, ఈ రెండింటినీ పీలుస్తూనే పెరిగాం. మా నాయన పొలం చూసుకుంటూనే షిఫ్టుకు పోయేవాడు. ముందు గదులు రెండూ కిరాయికిచ్చాం. వాటిలో కృష్ణా జిల్లా నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన ఫిట్టరు సారూ, ఆయన భార్యా ఉండేవారు. తాత పాత పార్టీ మనిషి. సారు ఆ మధ్యనే పుట్టి, పుట్టగానే గద్దెనెక్కిన కొత్త పార్టీకి వీరభక్తుడు. పార్టీల పేర్లు మాత్రం రాయను, ఈ వయసులో నాకు కొట్లాటలు వద్దు.

రేడియోలో ప్రాంతీయ వార్తలు అయిపోవడమే ఆలస్యం. తాత నులకమంచం మీద చుట్ట ముట్టించి, సారు గళ్ల లుంగీ సర్దుకుని మెట్టు మీద కూర్చుని, ఎవరి పార్టీ ఏ హక్కు ఇచ్చిందో, ఎవరి పార్టీ ఏ హక్కు గుంజుకుందో తవ్విపోసుకునేవారు. కౌలుదార్లకు చట్టం తెచ్చింది మేమని తాత, పట్వారీల పెత్తనం పీకేసింది మేమని సారు. అంటరానితనం నేరమన్నదీ, వెట్టిని రద్దు చేసిందీ మేమని తాత. మరి ఎమర్జెన్సీ పెట్టి నోరు తెరిచినవాళ్లను జైల్లో వేసిందెవరని సారు. అక్కడికొచ్చేసరికి తాత చుట్ట ఆరిపోయేది. మళ్లీ ముట్టించుకుని, "గప్పుడు మా పార్టీల ఉన్నోళ్లు సగంమంది ఇప్పుడు మీ పార్టీలనే ఉన్నరు గద సారూ, జెర ఆళ్లనే అడుగుండ్రి!" అనేవాడు. చుట్టుపక్కల నుంచి వచ్చి కూర్చున్న పదిమందీ పగలబడి నవ్వేవారు. ఆ నవ్వులోనే సారు భార్య పెసరపచ్చడి గిన్నె, మా నానమ్మ జొన్నరొట్టెల దొంతి అటూ ఇటూ మారేవి.

పెద్దవాళ్లు అలా ఉంటే మేం ఊరుకుంటామా! వాకిట్లో మాకు అసెంబ్లీ ఆట ఉండేది. బోర్లించిన గంప స్పీకరు కుర్చీ, పప్పుగుత్తి మైకు. అరిచినవాణ్ణి సభ నుంచి మోసుకుపోయి గేదెల కొట్టం దగ్గర పడేయడమంటే అందరికీ ప్రాణం, కాబట్టి అందరూ అరిచేవారు. పొద్దున్నే నీళ్లు చల్లి లేపడం నేరమని, చింతకాయలు దొంగిలించినవాళ్లకు క్షమాభిక్ష అని ఎన్ని చట్టాలు చేశామో! ఒక్కటీ అమలు కాలేదు. అయినా ఆ రోజుల్లో చట్టమంటే నాకు జాతరంత సంబరం.

నాకు పదేళ్లున్నప్పుడు, ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పాలు ఉందని హైదరాబాదులో చట్టం చేశారన్న కబురు వచ్చింది. సారు పటాన్‌చెరు వెళ్లి జిలేబీలు తెచ్చి పంచాడు. తాత ఒకటి తిని మూతి తుడుచుకుని, "ఆడిబిడ్డకు హక్కు అనే మాట ఢిల్లీల ముందుగాల్ల ఎత్తిందే మా పార్టీ. మీరు దానికి తోక తగిలిచ్చిన్రు, గంతే," అన్నాడు. చట్టం మాదంటే మాదని వారం రోజులు గొంతులు చించుకున్నారు. ఊళ్లో మిగతా మగవాళ్లకు మాత్రం నిద్రపట్టలేదు. అసలే ఫ్యాక్టరీలు వచ్చి చెలకలకు, అంటే మెట్ట భూములకు గిరాకీ పెరిగింది, ఇప్పుడు ఆడపిల్లలూ పాలుకొస్తే ఎట్లా అని ఒకటే పరేషాన్.

అంతలో బతుకమ్మ వచ్చింది. తంగేడు, గునుగు పూలతో వాకిళ్లు నిండిపోయాయి, ఇళ్లలో నువ్వులు వేయించిన కమ్మదనం, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు, పుట్టింటికి దిగిన ఆడబిడ్డలు, వాళ్ల పిల్లల గోల. ఆడబిడ్డకు చీర పెట్టడం ఎప్పుడూ ఉన్నదే. ఆ ఏడు చీరతో పాటు ఒక కాగితం కూడా పెట్టారు. నా పాలు నాకు వద్దు, అన్నదమ్ములకే ఇస్తున్నానని దాని మీద రాసి ఉంది. మా పెద్దత్తకు, అంటే మా నాయన అక్కకు, తాతే దగ్గర కూర్చుని వేలిముద్ర వేయించాడు. చీరలన్నీ ఒకే దుకాణం నుంచి తెచ్చారేమో, చివరి రోజు సద్దుల బతుకమ్మ నాడు సగంమంది చిలకపచ్చ చీరల్లోనే ఆడారు! ఎవరు సంతకం పెట్టారో ఊరంతటికీ తెలిసిపోయింది. మేం పిల్లలం చుట్టూ తిరుగుతూ వేలు పెట్టి మరీ లెక్కపెట్టాం. చప్పట్లు కొడుతూ కొడుతూనే పెద్దత్త పక్కనున్నామెతో, "పాలు ఉంటెనే గదనే ఒద్దని రాయించుకుంటరు? గిన్నొద్దులు మనకు ఉన్నట్టే ఎవ్వలు చెప్పలే," అంది. ఆ మాట పాటకంటే వేగంగా వలయమంతా తిరిగింది.

దసరా వెళ్లిన మూడోనాడు సారు పేపరు పట్టుకుని పంచలోకి ఉరికి వచ్చాడు. "పెద్దాయనా, మునిగిపోయారండీ! అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకి ఈ చట్టం వర్తించదంట. పెళ్లికాని వాళ్లకేనంట!" అని గట్టిగా చదివాడు. అంటే ఊరు ఊరంతా హక్కు లేనివాళ్ల దగ్గర చీరలు పెట్టి మరీ సంతకాలు తీసుకుని, హక్కున్న పిల్లల్ని ఇంట్లో ఉన్నవాళ్లే కదా అని వదిలేసింది! నేను ఎగిరి గంతేశాను. ఎందుకంటే మా చిన్నత్తకు ఇంకా పెళ్లి కాలేదు.

చిన్నత్త మా నాయన చెల్లెలు. సంగారెడ్డిలో ఇంటరు చదివి వచ్చింది, మాఘంలో పెళ్లి చేయాలని చూస్తున్నారు. ఆ రాత్రి నాకు జడ వేస్తూ చెప్పింది: "నా పేరు మీద ఒక్క ఎకరమన్న ఉంటే, రేపు అత్తగారింట్ల నన్ను పొమ్మంటే నాకు పోయే జాగ ఉంటది బిడ్డా. సంతకం అడుగుతరు. ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు." వేసిన జడను విప్పి మళ్లీ మొదటి నుంచి అల్లింది.

మర్నాడు సాయంత్రం తాత చిలకపచ్చ చీర, కాగితం తెచ్చి మంచం మీద పెట్టాడు. పంచ నిండా జనం. చిన్నత్త గడప దాటి మగవాళ్ల ముందుకు వచ్చి నిలబడింది. అలా రావడం నేనెప్పుడూ చూడలేదు.

"పెడ్త నాయినా. కాని ఒక్క మాట రాయలే నువ్వు. ఈ హక్కు ఏ పార్టీ చట్టం ఇచ్చిందో అది గుడ రాయి. ఫలానా పార్టీ ఇచ్చిన హక్కును ఒద్దనుకుంటున్న అని. గప్పుడు పెడ్త."

తాత పెన్ను మూత తీశాడు. తన పార్టీ అని రాస్తే, తన పార్టీ ఇచ్చినదాన్ని తానే బిడ్డ చేత కాలదన్నించినట్టు. కొత్త పార్టీ అని రాస్తే, ఇన్నాళ్ల వాదన సొంత చేత్తో ఓడిపోయినట్టు. సారుకు ఆవేశం ఆగలేదు: "మా పార్టీ అని రాయండి పెద్దాయనా, రాయండి!"

"నా చెయ్యి ఇరిగినా రాయ!" అని గర్జించాడు తాత.

ఇంతలో సారు భార్య కిటికీలోంచి తల పెట్టి, "మీరేంటండీ ఎగురుతున్నారు? మొన్న ఊరెళ్లి మీ చెల్లెలి చేత సంతకం పెట్టించుకొచ్చిన కాయితం మన పెట్టెలోనే ఉందిగా?" అంది. సారు లుంగీ సర్దుకుంటూ మెట్టు దిగాడు. పంచ పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వు తగ్గేవరకూ తాత కాగితం వంకే చూస్తూ కూర్చుని, చివరికి పెన్నుకు మూత పెట్టి, "ఇగ పో బిడ్డా, పోయి రొట్టెలు చెయ్యి," అన్నాడు. నేను పప్పుగుత్తి పట్టుకుని చట్టం పాసైందని వాడకట్టంతా అరుచుకుంటూ ఉరికాను! పెళ్లికి ముందే వాగు పక్క చెలక చిన్నత్త పేరు మీదికి ఎక్కింది. తమ పార్టీ చట్టం ఊళ్లో మొదట అమలైంది తన ఇంట్లోనే అని తాత బతికినన్నాళ్లూ చెప్పుకున్నాడు. తర్వాత చిన్నత్త భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడినప్పుడు, ఆ చెలకలో కూరగాయలు పండించే ఆమె ఇద్దరు పిల్లల్ని చదివించింది.

ఇప్పుడు మా పంచ ఉన్నచోట గోదాము గోడ ఉంది. పార్టీల కోసం వాదించుకునేవాళ్లు ఒకరి గిన్నెలోది ఒకరు తినడం లేదు. ఫోన్లలో తిట్టుకుని పడుకుంటున్నారు. చట్టం మాత్రం పెరిగింది, పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ సమానపాలు వచ్చింది. దాని కథ ఏ సభలో ఎలా నడిచిందో, ఎవరు ముందుకు నెట్టారో, ఎవరు నానబెట్టారో నన్ను లేపి అడిగినా చెప్పగలను.

పోయిన ఏడాది సంగారెడ్డి రిజిస్ట్రేషన్ ఆఫీసులో మా తమ్ముడు నా ముందు పాలు వద్దని రాసిన కాగితాలు పెట్టాడు. "అక్కా, జెర ఈడ పెట్టు, జల్దీ పోవాలె," అన్నాడు. పెట్టాను. తమ్ముడి మొహం చూసి కాదనలేకపోయాను. ఆ సాయంత్రం పోతిరెడ్డిపల్లిలో చిన్నత్త ఇంటికి వెళ్లి చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు తుంచి గిన్నెలో వేస్తూనే అడిగింది.

"సదివి పెట్టినవా, సదవకుంటనే పెట్టినవా?"

"చదివే పెట్టిన అత్తా."

"మా అక్క లెక్క సదవకుంట పెట్టినా బాగుండు," అంది.