ఎండిన చెక్క మీద గొడ్డలి

జనగామ ఎండలకు పచ్చి చెక్కతో చేసిన గిటార్ పగిలిపోతుంది. అందుకే చెక్కను రెండు వేసవులు రేకుల గదిలో ఆరబెట్టాకే పని మొదలుపెడతాను. ఆ గది మా అన్నకూ నాకూ ఉమ్మడి.

ఒక మధ్యాహ్నం అన్న తాగి వచ్చి గది ఖాళీ చేయమన్నాడు.

"ఇంకో నెల ఆగన్నా. చెక్క గిప్పుడే ఆరుతున్నది."

"గీ కట్టెల కోసం నా పెండ్లాం పిల్లలు వాకిట్ల పండాల్నా?" అంటూ గొడ్డలి అందుకుని పలకలను నరకసాగాడు. నేను అతని గొంతు పట్టుకున్నాను. ఇద్దరం నేలమీద పడి కొట్టుకున్నాం. అతని పళ్ళు నా భుజంలో దిగాయి. నేను అతని తలను గోడకేసి బాదాను. అతను గొడ్డలిని తిరగేసి కొట్టిన దెబ్బకు నా ఎడమచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి.

నా చెయ్యి చూడగానే అన్న గొడ్డలి పారేశాడు.

"నడువు, దవాఖానకు పోదాం" అని బండి తీశాడు. అతని నుదుటి నెత్తురు గాలికి వెనక కూర్చున్న నా ముఖం మీద చిందుతూనే ఉంది.

ఆ వేళ్ళు మళ్ళీ తీగల మీద వంగలేదు. మిగిలిన పలకలతో చేసిన చిన్న గిటార్‌ను రేగొండ చర్చిలో పాడే ఒకాయన కొన్నాడు. అక్కడి ఎండలకు అదింకా పగల్లేదు. అన్నతో ఇప్పటికీ మాటల్లేవు. గిటార్ల కోసం కొత్త దుంగ దింపుకునే రోజు మాత్రం పిలవకుండానే వచ్చి ఒక కొస పట్టుకుంటాడు.