పాపను ఎవరు పట్టుకుంటారు?

మొన్న రేపల్లెలో పిల్లల డాక్టరుగారి గదిలో అడుగుపెట్టగానే స్పిరిట్ వాసన, దాని వెనకే చంటిపిల్లల పౌడరు వాసన ముక్కుకు తగిలాయి. మా తమ్ముడి భార్య సుధ, తొమ్మిది నెలల కొడుకును చంకనేసుకుని నా వెనకే ఉంది. ఆ రెండు వాసనలూ కలిసి వస్తే నాకు కరుణ టీచరుగారే గుర్తొస్తారు. నా కూతురి టీకాలన్నిటికీ నాకు తోడుగా వచ్చింది ఆవిడే.

పెళ్లయి తెనాలి వచ్చిన కొత్తలో మాకూ ఆవిడకూ మధ్య ఒక్క ప్రహరీగోడే అడ్డం. మిషన్ బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. పొద్దున్నే గోడ మీదుగా "ఏంటమ్మాయ్, టిఫినయిందా?" అనేవారు. కాలేదంటే చివాట్లు, అయిందంటే ఏం చేశావని ఆరా. మావారిది బాపట్లలో ఉద్యోగం. తెల్లారి రైలెక్కితే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. అందుకని పాపకు టీకా వేయించాల్సి వచ్చినప్పుడల్లా టీచరుగారూ నేనూ ఆటోలో వెళ్లేవాళ్లం.

మా పుట్టింట్లో ఒక పట్టింపు ఉంది. పిల్లకు సూది వేసేటప్పుడు తల్లి ఎదురుగా ఉండకూడదు, ఉంటే ఆ నొప్పి తల్లే పెట్టిందనుకుని పిల్ల దూరమవుతుందని మా అమ్మ గట్టిగా చెప్పి పంపింది. నాకూ కావాల్సింది అదే, సూదంటేనే నాకు భయం. నర్సు "పాపను ఎవరు పట్టుకుంటారండి?" అనడమే ఆలస్యం, పాపను టీచరుగారి చేతుల్లో పెట్టి వరండాలోకి పారిపోయేదాన్ని. చెవులు మూసుకుని గోడ మీది బొమ్మలు చూస్తూ నిలబడేదాన్ని. పాపను ఎత్తుకోవడమంటే టీచరుగారికి ప్రాణం.

తొమ్మిదో నెల టీకా రోజున ఏడుపు కాస్త తగ్గాక లోపలికి వెళ్లి చేతులు చాచాను. పాప నన్ను చూసింది. చూసి, మొహం తిప్పుకుని టీచరుగారి మెడ కరుచుకుంది. ఎంత పిలిచినా రాలేదు. అంతమందిలో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దూరమవుతుందనే కదా బయట నిలబడ్డాను, నిలబడ్డందుకే దూరమైపోతోందా అని భయమేసింది. ఆటోలో టీచరుగారు నా వైపు ఓరగా చూసి, "ముద్దులు నీకూ, సూదులు నాకూనా? ఇదేం పంపకం అమ్మాయ్?" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ గొంతు తగ్గించి, "నొప్పి ఎవరు పెట్టారో పిల్ల చూడదమ్మా. నొప్పెట్టినప్పుడు పక్కన ఎవరున్నారో చూసుకుంటుంది" అన్నారు.

ఏడాదిన్నర టీకాకు వెళ్లినప్పుడు నర్సు ఎప్పటిలాగే అడిగింది. నేను అలవాటుకొద్దీ టీచరుగారి వైపు తిరిగాను. ఆవిడ తన నల్ల హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడి ఉన్నారు.

"నా చేతులు ఖాళీ లేవు. నువ్వు కూర్చో" అన్నారు.

"నావల్ల కాదండీ. భయమండీ."

"భయపడుతూనే పట్టుకో. వద్దన్నదెవరు?"

కూర్చున్నాను. సూది దిగింది. పాప కెవ్వుమంది, నేనూ ఏడ్చాను. ఎవర్ని ఓదార్చాలో నర్సుకు తెలియలేదు. పాప తలెత్తి నా మొహంలోకి కోపంగా చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. మరుక్షణం నా మెడలో మొహం దాచుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. నా మీద అలిగి, నాకే చెప్పుకుంది. టీచరుగారు మాత్రం ఇంటికొచ్చేదాకా ఆ బ్యాగు వదల్లేదు.

పాప ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. మార్కులు తగ్గినా, స్నేహితురాలితో పోట్లాడినా, గుమ్మంలో చెప్పులు విసిరేసి ముందు నా దగ్గరికే వచ్చి విసుక్కుంటుంది. ఆ విసుగు నాకెంత ఇష్టమో దానికి తెలియదు. టీచరుగారు బాపట్లలో చెల్లెలి ఇంటికి మారారు. ఫోన్ చేస్తే ఇప్పటికీ మొదటి మాట టిఫిన్ గురించే.

మొన్న నర్సు "బాబును ఎవరు పట్టుకుంటారండి?" అనగానే సుధ వాణ్ని నా వైపు చాచింది. "వదినా, మీరు పట్టుకోండి. నేను బయటుంటాను" అంది. వాడి మెత్తటి బరువు నా చేతుల్లోకి రాబోతుంటే ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. గబుక్కున బెంచీ మీది పాలసీసా సంచి అందుకుని, "నా చేతులు ఖాళీ లేవు సుధా, నువ్వే కూర్చో" అన్నాను. వాడు గుక్కపట్టి ఏడ్చి, తల్లి మెడలో మొహం దాచుకున్నాడు. సుధ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నా మనసు నిండిపోయింది. చూసుకుంటే, ఆ సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని ఉన్నాను. లేకపోతే నా చేతులు వాటంతటవే వాడి కోసం వెళ్లిపోయేవి. ఆ రోజు టీచరుగారు ఆ బ్యాగును అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారో, ఇన్నేళ్లకు తెలిసింది.